పిడికెడు బియ్యం: దండకారణ్యానికి వచ్చిన శరణార్థులు, వారి చందాలు, వారి మేళాలు

ఇల్లూ ఊరూ విడిచి పారిపోయి వచ్చినవారిని తెలుగులో రెండు మాటలతో పిలుస్తాము. ఒకటి కాందిశీకుడు. 'ఏ దిక్కుకు పోదును' అనే ప్రశ్న నుండి ఆ మాట పుట్టినదని పండితులు చెబుతారు. రెండవది శరణార్థి. మొదటి మాటలో దిక్కుతోచనితనం ఉన్నది. రెండవ మాటలో ఎదుటివాని మీద పెట్టుకున్న నమ్మకం ఉన్నది. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ అంబేద్కర్‌తో పాటు లక్షలాది జనం త్రిశరణాలు స్వీకరించిన నాటి నుండి, దీక్ష పొందిన మన ఇండ్లలో శరణు అనే మాట నిత్యం వినబడుతూనే ఉన్నది. అయినా శరణు కోరి వచ్చిన మనుషుల చరిత్ర మన సంచికలలో అరుదుగానే కనబడుతుంది. వారిలో ఒక పెద్ద సమూహానికి మనము ఋణపడి ఉన్నాము. ఆ ఋణం సంగతి ముందుకు వస్తుంది. వారు చేరిన చోటు మన తెలుగు నేలకు పక్కనే ఉన్న బస్తరు.

బస్తరు రాజ్యమే ఒక కాందిశీకుని కథతో మొదలవుతుంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇంద్రావతీ తీరానికి చేరుకొని అక్కడ రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం. దంతెవాడలో దిక్పాలదేవుడు వేయించిన శాసనం కూడా తమ వంశమూలం ఓరుగల్లేనని చెప్పుకున్నది. జగదల్‌పూరులో 75 రోజులు సాగే దసరాలో నేటికీ రావణదహనం లేదు. దంతేశ్వరి రథమే ఉన్నది. ఆ రథానికి దుంగలు తెచ్చే ఊర్లు వేరు, చెక్కే ఊర్లు వేరు, త్రాడు పేనే ఊర్లు వేరు. ఏ ఊరి వంతు ఆ ఊరు తెస్తుంది. ఒక పెద్ద వేడుకను ఊరూరి పంపకంతో నిలబెట్టే పద్ధతి బస్తరు ఆదివాసులకు ఎవరూ నేర్పవలసినది కాదు.

అంతకన్న పాతది కూడా ఒకటి చెప్పకుండా పోలేము. నారాయణపూరుకు పోయే దిక్కున, అడవి నడుమ భోంగాపాల్ అనే ఊరు ఉన్నది. అక్కడ ఇటుకలతో కట్టిన చైత్యపు శిథిలాలలో ఒక బుద్ధవిగ్రహం ఉన్నది. చుట్టుపట్ల ఆదివాసులు ఆ విగ్రహాన్ని డోక్రా బాబా అంటారు. డోక్రా అంటే ముసలివాడు. శాక్యముని పేరు మరచిపోయిన నేలలో ఆయన ఊరి తాతగా మిగిలి మొక్కులు అందుకుంటున్నాడు. పండితులు దానిని ఏ శతాబ్దికి చేర్చినా, ఆ పిలుపే మాకు ఎక్కువ ఇష్టమని ఇక్కడ ఒప్పుకొంటున్నాము.

ఇప్పుడు బెంగాలుకు పోదాము. తూర్పు బెంగాలులోని ఖుల్నా, జెస్సోర్, ఫరీద్‌పూర్, బరిశాల్ జిల్లాల నీటి పల్లపు భూములలో వరి, జనుము పండించి, పడవలు నడిపి బ్రతికిన ప్రజలు నమశూద్రులు. వారిని చండాలురని పిలిచేవారు. ఆ పేరును వదిలించుకోవడానికి వారు దశాబ్దాలపాటు పోరాడవలసి వచ్చినది. 1911 జనాభా లెక్కలలో గాని నమశూద్ర అనే పేరు స్థిరపడలేదు. 19వ శతాబ్దిలో వారి నడుమ హరిచంద్ ఠాకూరు మతువా పంథాను ప్రారంభించాడు. కుల భేదం లేదు, బ్రాహ్మణ పురోహితుడు అక్కరలేదు, చేతిలో పని విడువకుండానే నామం పాడుకోవచ్చునన్నది ఆయన బోధ. బుద్ధుని సంకల్పంలో మిగిలిపోయిన భాగాన్ని పూర్తి చేయడానికే హరిచంద్ జన్మించాడని మతువాల సంప్రదాయ గ్రంథంలో ఒక భావన ఉన్నది. బౌద్ధ పునరుద్ధరణ గురించి ఆలోచించేవారు ఈ ఒక్క సంగతి కోసమైనా మతువాల వైపు చూడవలసి ఉన్నది.

హరిచంద్ కుమారుడు గురుచంద్ బడులు పెట్టించడం మీద దృష్టి నిలిపాడు. బడికి డబ్బు ఎక్కడిది? జమీందారు ఇవ్వడు, సర్కారు అరకొరగా ఇస్తుంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో నమశూద్ర సంఘాలు పిడికెడు బియ్యం పద్ధతిని అనుసరించాయి. వంట మొదలుపెట్టే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికి ఒకసారి ఊరి సంఘం మనిషి వచ్చి ఆ బియ్యం పట్టుకుపోతాడు. పెండ్లికీ శ్రాద్ధానికీ పెట్టే ఖర్చులో కొంత వంతు కూడా సంఘనిధికి చేరాలి. దాత పేరు ఫలకం మీద ఎక్కని దానమది. కుండలో పడిన బియ్యంలో ఎవరి పిడికిలి ఏదో తెలియదు కదా.

మన అమరావతిలో దాత పేరు రాతి మీద ఎక్కినది. విధికుడనే చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని మహాచైత్యానికి సమర్పించాడని అక్కడి శాసనం చెబుతున్నది. తోలు పని చేసేవాని కుటుంబం స్తూపానికి దానమివ్వగలిగిన కాలం ఒకటి ఆంధ్రదేశంలో ఉండేదని మన సభలలో గర్వంగా చెప్పుకుంటాము. చెప్పుకోవలసినదే. పిడికెడు బియ్యపు కుండ కూడా ఆ వరుసలోనిదేనని మా అభిప్రాయం.

ఇక ఋణం సంగతి. 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగినప్పుడు బొంబాయి శాసనసభ నుండి బాబాసాహెబ్‌కు దారి లేకపోయినది. బెంగాలులో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌ను నడుపుతున్న బరిశాల్ వాసి జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరులు పూనుకొని, బెంగాలు శాసనసభ నుండి బాబాసాహెబ్‌ను గెలిపించి పంపారు. దేశ విభజనతో ఆ స్థానం పోయినది. తరువాత 1947 జూలైలో బొంబాయి నుండి ఆయన మళ్లీ ఎన్నికయ్యారు. రాజ్యాంగ రచనకు అంబేద్కర్ చేరిన తొలి మెట్టు నమశూద్రుల మెట్టు. ఆ మెట్టు వేసినవారి ఊర్లు సరిహద్దు ఆవలికి పోయాయి.

జోగేంద్రనాథ్ మండల్ పాకిస్తాన్ తొలి మంత్రివర్గంలో న్యాయశాఖ మంత్రి అయ్యాడు. సరిహద్దుకు ఇవతల న్యాయశాఖ బాబాసాహెబ్‌ది. ఒకే ఉద్యమపు ఇద్దరు నాయకులు రెండు దేశాలలో ఒకే శాఖను చూసిన విచిత్రం కొంతకాలం సాగినది. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డ్ కులాల వారిని బయటికి రానివ్వడం లేదని, వచ్చినవారికి ఇక్కడి శిబిరాలలో సరైన ఆదరణ దొరకడం లేదని 1947 డిసెంబరులోనే బాబాసాహెబ్ ప్రధాని నెహ్రూకు లేఖ రాశారు. 1950 అల్లర్ల తరువాత మండల్ తన పదవికి రాజీనామా ఇచ్చి కలకత్తా చేరుకున్నాడు. మంత్రిగా ఉన్నవాడు కాందిశీకుడైనాడు. 1968లో మరణించేవరకు ఆయన శరణార్థుల నడుమనే పని చేశాడు. పాకిస్తాన్ వెళ్లి ఆయన పొరపాటు చేశాడని అనేవారు మనలోనూ ఉన్నారు. తన ప్రజలున్న చోటనే ఉండాలనుకున్న మనిషిని అంత సులువుగా తప్పు పట్టలేమని మేము అనుకుంటాము.

విభజన తరువాత ముందుగా వచ్చినవారిలో చదువు, ఉద్యోగం, కలకత్తాలో బంధువులు ఉన్న అగ్రవర్ణాల వారు ఎక్కువ. వారు నగరపు ఖాళీ స్థలాలలో కాలనీలు వేసుకొని, కమిటీలు పెట్టుకొని, చందాలతో బడులు కట్టుకొని నిలదొక్కుకున్నారు. భూమిని నమ్ముకున్న నమశూద్రులు ఆలస్యంగా, చేతిలో ఏమీ లేకుండా వచ్చారు. వారికి శిబిరాలే గతి. ఆ స్థితిలో గురుచంద్ మనుమడు ప్రమథరంజన్ ఠాకూరు సరిహద్దుకు దగ్గరలో భూమి సంపాదించి ఠాకూర్‌నగర్ అనే శరణార్థి ఊరును నెలకొల్పాడు. అంటరానివారు అంటరానివారి కోసం స్వయంగా కట్టుకున్న ఊరది. అక్కడ చైత్రమాసంలో హరిచంద్ జయంతికి బారుణీ మేళా జరుగుతుంది. ఒక్కొక్క ఊరి దళం ఢంకా, కాంస్య తాళాలు, ఎర్రని నిశానులు పట్టుకొని పాడుతూ వస్తుంది. చెదరిపోయిన బంధువులు ఒకరినొకరు వెదుక్కునే చోటు కూడా ఆ మేళాయే.

ఠాకూర్‌నగర్‌లో అందరికీ చోటు లేదు. పశ్చిమ బెంగాలులో ఇక స్థలం లేదని ప్రభుత్వం తేల్చినది. 1958లో కేంద్రప్రభుత్వం దండకారణ్య అభివృద్ధి సంస్థను ఏర్పరచినది. నాటి మధ్యప్రదేశ్‌లోని బస్తరు, ఒరిస్సాలోని కోరాపుట్, కలహండి ప్రాంతాలు దాని పరిధి. మన తొలి ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా పని చేసిన సుకుమార్ సేన్ కొంతకాలం ఆ సంస్థకు అధ్యక్షుడు. బస్తరులో కొండగావ్, పరల్‌కోట్, కోరాపుట్‌లో ఉమర్‌కోట్, మల్కన్‌గిరి స్థావరాలుగా నిర్ణయించారు. 1964లో ఖుల్నా, ఢాకా అల్లర్ల తరువాత వచ్చినవారిని రాయపూరు దగ్గరి మానా శిబిరంలో దింపి, అక్కడి నుండి లారీలలో అడవికి పంపారు. అదే కాలంలో చిట్టగాంగ్ కొండల నుండి బౌద్ధులైన చక్మాలు కప్తాయ్ ఆనకట్ట నీటికి భూములు పోగొట్టుకొని, మతహింసకు కూడా జడిసి నేటి అరుణాచల్ ప్రదేశ్‌కు చేరుకున్నారు. వారి కథ వేరుగా రాయదగినది.

పరల్‌కోట్‌లో కొత్త ఊర్లకు పేర్లు పెట్టలేదు. అంకెలు వేశారు. పి.వి. 1, పి.వి. 2 అంటూ పి.వి. నూరు దాటిపోయినది. పి.వి. అంటే పరల్‌కోట్ విలేజ్. మల్కన్‌గిరిలో ఎం.వి. అనే అక్షరాలు. ఊరి పేరు అడిగితే అంకె చెప్పే మనుషులు నేటికీ పఖాంజూరు బజారులో కనబడతారు. మోకాలి లోతు నీటిలో వరి నాటినవారికి ఇచ్చినది ఎర్రరాతి గరపనేల. సేన్ తరువాత అధ్యక్షుడైన శైబల్ కుమార్ గుప్తా పదవి విడిచిన పిమ్మట 1965లో ఒక ఆర్థిక వారపత్రికలో వరుస వ్యాసాలు రాసి, ఇచ్చిన భూములలో అధికభాగం సేద్యానికి తగదని, నీటి ఏర్పాటు లేకుండా జనాన్ని దింపారని బాహాటంగా చెప్పాడు. ఆ పదవిలో కూర్చుని వచ్చిన మనిషి అంత నిజం చెప్పడం అరుదు.

ఆ భూమి ఖాళీగా పడి ఉన్నది కాదన్న సంగతి కూడా చెప్పాలి. పరల్‌కోట్ అంటే గేంద్ సింగ్ జమీ. 1825లో మరాఠా, ఆంగ్లేయ అధికారాన్ని ధిక్కరించి ఉరికంబమెక్కిన ఆదివాసి నాయకుడాయన. చదును చేసిన భూమిలో నాలుగవ వంతు ఆదివాసులకు ఇవ్వాలని నియమం పెట్టారు. కాని నాలుగవ వంతు ఇవ్వడమంటే మిగతా మూడు వంతులు తీసుకోవడమేనని గోండులకు తెలుసు. అడవి పోయినవారు ఒకవైపు, దేశం పోయినవారు మరొకవైపు. వీరిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టినది ప్రణాళిక. శరణార్థుల మీద మనకున్న అభిమానం ఈ సంగతిని కప్పిపుచ్చకూడదు.

ఆ అంకెల ఊర్లలో శరణార్థులు మొదట చేసిన సామూహిక పనులలో ఒకటి హరిమందిరం. దానికి ప్రభుత్వ పద్దు లేదు. మళ్లీ ఇంటింటి చందా, మళ్లీ ఢంకా, మళ్లీ నామగానం. శీతకాలంలో జాత్రా నాటకాలు, కవిగానం. శరదృతువులో దుర్గాపూజ పందిళ్లు. వాటి కోసం వసూలు చేసిన దానిలో మిగిలినది పంట పోయిన ఇంటికో, కొత్తగా లారీ దిగిన కుటుంబానికో పోయే ఆచారం పల్లెలలో సహజంగా ఉంటుంది. పాట కోసం కూడిన సభలోనే ఎవరి ఇంట పొయ్యి వెలగలేదో తెలుస్తుంది. మన విహారాలలో ఉపోసథ దినాన కూడినప్పుడు జరిగేది కూడా అదే. దుర్గాపూజ మన మార్గం కాదని తెలిసే ఈ మాట రాస్తున్నాము.

1971లో కోటికి దగ్గరగా జనం తూర్పు పాకిస్తాన్ నుండి భారతదేశంలోకి వచ్చారు. మానా శిబిరాలు మళ్లీ నిండాయి. ఆ సంవత్సరం ఆగస్టు 1న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పండిట్ రవిశంకర్ కోరిక మీద జార్జి హారిసన్ ఏర్పాటు చేసిన కచేరీ ప్రపంచమంతా ఎరిగినదే. టిక్కెట్ల మీద సుమారు 2,43,000 డాలర్లు వచ్చి యూనిసెఫ్‌కు చేరాయి. తరువాత ఆ కచేరీ రికార్డుల మీద వచ్చిన సొమ్ము అమెరికా పన్నుల చిక్కులలో పడి సంవత్సరాల తరబడి నిలిచిపోయినది. మన దేశంలో అంత మెరుపు లేని వసూలు ఒకటి జరిగినది. 1971 నవంబరు 15 నుండి ఉత్తరాల మీద మామూలు తపాలా బిళ్ళతో పాటు 5 పైసల శరణార్థి సహాయ బిళ్ళ అదనంగా అంటించవలసి వచ్చినది. 1973 మార్చి వరకు అది సాగినది. ఆ కాలంలో కొడుకుకు ఉత్తరం రాసిన తెలుగు తల్లి కూడా తెలియకుండానే 5 పైసలు ఇచ్చినది. పాత ట్రంకుపెట్టెలలో ఆ బిళ్ళ అంటిన కవర్లు ఇప్పటికీ దొరుకుతాయి. పిడికెడు బియ్యాన్ని సర్కారు నడిపితే అలాగే ఉంటుందేమో. ఇష్టపడి ఇచ్చినది కాదు గనుక దానిని దానమనవచ్చునా అనే ధర్మసందేహం ఉన్నది. తిన్నవాని ఆకలికి మాత్రం ఆ సందేహం లేదు.

దండకారణ్యంలో నిలవలేక 1978 తొలి నెలలలో లక్షకు పైగా శరణార్థులు ఎద్దులను, పాత్రలను అమ్ముకొని బెంగాలుకు తిరుగుముఖం పట్టారు. అధికారంలోకి వచ్చిన వామపక్షాలు ఒకప్పుడు తమ పక్షాన మాట్లాడినవే గనుక చోటిస్తాయని నమ్మారు. ఎక్కువమందిని వెనుకకు పంపివేశారు. సుమారు 30,000 మంది సుందరవనాలలోని మరిచ్‌ఝాపి దీవికి చేరుకున్నారు. ప్రభుత్వం ఒక్క పైసా ఇవ్వకపోయినా ఆ దీవిలో వారు బడి, వైద్యశాల, గొట్టపుబావులు, చేపల చెరువులు, పడవలు కట్టే చోటు ఏర్పరచుకున్నారు. డబ్బు వారి చందా, శ్రమ వారి ఒళ్ళు. 1979 జనవరి చివర దీవి చుట్టూ పోలీసు పడవలు నిలిపి, బియ్యం, మంచినీళ్లు రాకుండా ఆపారు. కాల్పులు జరిగాయి. మే నెలలో గుడిసెలు తగులబెట్టి జనాన్ని ఖాళీ చేయించారు. ఎందరు చనిపోయారనే దానిపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. మిగిలినవారిలో చాలామందిని రైళ్ళలో మళ్లీ దండకారణ్యానికే చేర్చారు. శరణార్థి కుటుంబంలో పుట్టి, కలకత్తాలో రిక్షా తొక్కి, చత్తీస్‌గఢ్‌లో శంకర్ గుహా నియోగితో కలిసి పని చేసిన రచయిత మనోరంజన్ బ్యాపారి ఆత్మకథ ద్వారా ఈ చరిత్ర బయటివారికి చాలావరకు తెలిసినది. అంతవరకు బెంగాలు మేధావులు దీనిని ఎంత తక్కువగా తలచుకున్నారో చూస్తే మాకు ఆశ్చర్యం కలుగదు. చనిపోయినవారి కులమేమిటో మనకు తెలుసు.

చత్తీస్‌గఢ్‌కు వచ్చిన మరొక శరణార్థి సమూహం బౌద్ధులదే. 1960ల తొలి సంవత్సరాలలో సర్గుజాలోని మైన్‌పాట్ పీఠభూమి మీద టిబెట్టు వారికి చోటిచ్చారు. అక్కడ వారికి గోంపా ఉన్నది, లోసర్ పండుగ ఉన్నది, ప్రపంచం నలుమూలల నుండి తోడ్పడే బౌద్ధ సంఘాలు ఉన్నాయి. కార్తీకం రాగానే మన పట్టణాలలో రోడ్డుపక్క ఉన్ని స్వెటర్లు పరచి అమ్మే టిబెట్టు వారిని చూడని తెలుగువారు ఉండరు. బేరమాడి కొంటామే గాని, మీది ఏ శిబిరమని అడిగినవారు ఎందరు? మేమూ చాలా సంవత్సరాలు అడగలేదు. ఒకే రాష్ట్రంలో మైన్‌పాట్‌కు ఉన్న లోకప్రఖ్యాతిలో నూరవ వంతు పరల్‌కోట్‌కు లేదు. టిబెట్టు వారికి వచ్చినది తగ్గాలని కాదు మా మాట.

పరల్‌కోట్ నమశూద్రులకు ఇంకొక చిక్కు ఉన్నది. పశ్చిమ బెంగాలులో, ఒడిశాలో నమశూద్రులు షెడ్యూల్డ్ కులం. చత్తీస్‌గఢ్‌లో కారు. ఒకే శిబిరం నుండి లారీలు ఎక్కిన అన్నదమ్ములలో మల్కన్‌గిరిలో దిగినవాని మనుమడికి ఉన్న ధ్రువపత్రం, పరల్‌కోట్‌లో దిగినవాని మనుమడికి లేదు. అర్జీలు, సభలు, ఊరేగింపులు ఏండ్ల తరబడి నడుస్తున్నాయి. బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపినవారి మనుమలు, ఆయన రాసిన రాజ్యాంగంలోని పట్టికలో తమ పేరు కోసం ఎదురు చూస్తున్నారు.

ఈ కథ గోదావరి దాటి మన ఊర్లలోకి కూడా వచ్చినది. 2005 జూన్‌లో బస్తరులో సల్వాజుడుం మొదలైన తరువాత ఊర్లు తగులబడి, వేలాది మురియా, కోయ కుటుంబాలు శబరి దాటి చింతూరు, భద్రాచలం, ములుగు అడవులలోకి వచ్చాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం వంటి దళాలు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు ఇచ్చినది. తిరిగి వెళ్ళినవారు కొందరే. మన గ్రామాలలో వారిని గుత్తికోయలంటారు. దేశంలోపలే తిరిగినవారు గనుక చట్టం దృష్టిలో వారు శరణార్థులు కారు. అటవీశాఖ గుడిసెలు పీకినప్పుడల్లా వారు అడిగే ప్రశ్న మాత్రం పాత కాందిశీకుని ప్రశ్నే. మిరప కోతలకు వారు కావాలి. ఊరి చివర వారి గుడిసెలు మాత్రం అక్కరలేదు. బస్తరులో షెడ్యూల్డ్ తెగగా ఉన్నవారికి నది ఇవతల ఆ ధ్రువపత్రం దొరకదు. పరల్‌కోట్ నమశూద్రునికి జరిగినదే ఇక్కడ తెలుగు నేల మీద మురియా బిడ్డకు జరుగుతున్నది.

వారికి మొదట బియ్యం పెట్టినది కూడా ఎదుటి గట్టు కోయలే. మాట కలిసినది, ఇంటిపేరులు కలిశాయి, గట్టు మీద ఇంత చోటు చూపించారు. తరువాత స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి, వైద్యులు వచ్చారు, పిల్లలకు వంతెన బడులు వచ్చాయి. పట్టణాల నుండి పాత బట్టల మూటలు కూడా వచ్చాయి. వాటిలో కట్టుకోదగినవి సగమే ఉండేవని పంచినవారు మాతో అన్నారు. మన సంఘపు ఇండ్ల నుండి పోయిన మూటలు ఎలా ఉన్నవో మేము విప్పి చూడలేదు.